మొదటి క్లాసులో సి ఎవరు పెట్టారు?

ఈసారి పోస్టు పెద్దది. మెస్‌కి వెళ్లబోయే ముందు మొదలుపెట్టకండి, తినొచ్చాక తీరిగ్గా చదవండి.

గవర్నర్‌పేటలో మా రూము సంగతి మీలో చాలామందికి తెలుసు. ఏలూరు రోడ్డు మీంచి రెండు సందులు లోపలికి, మూడో అంతస్తు, పైన రేకులు. డిగ్రీలోనో బీటెక్‌లోనో చేరబోయే మన పిల్లలకి ఎండాకాలం ఇరవై రోజులు అక్కడ కంప్యూటర్ క్లాసులు చెప్తున్నాం. తిరువూరు, ఎ.కొండూరు వైపు తండాల నుంచి లంబాడీ పిల్లలు వస్తారు. నాగాయలంక, అవనిగడ్డ దిక్కు నుంచి యానాది పిల్లలు, ఊళ్లోనే ఉండే ఎరుకల పిల్లలు, చింతూరు నుంచి కోయ పిల్లలు కూడా వస్తారు. ఈ ఏడు క్లాసులు మొదలుపెట్టకముందే మాలో మాకు తగాదా వచ్చింది. మొదట సి చెప్పాలా, పైథాన్ చెప్పాలా? సగం మంది అటు, సగం మంది ఇటు. రెండు వారాలు గ్రూపులో వాయిస్ మెసేజీలే.

తగాదాకి అసలు కారణం ఒక తమ్ముడు. రెండేళ్ల కిందట మాతోనే ఉన్నాడు. ఇంటర్ లెక్కల్లో మా అందరికంటే ఎక్కువ మార్కులు. డిగ్రీలో కంప్యూటర్ సైన్స్ తీసుకున్నాడు. అన్ని పేపర్లూ పాసయ్యి సి ఒక్కటి పోయింది. సప్లిమెంటరీ రాశాడు, అదీ పోయింది. మూడోసారి ఫీజు కట్టలేదు. ఇప్పుడు ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో హెల్పరు. బాడీకి ఇనుప ఛానెల్ ఎన్ని అడుగులు పడుతుందో, ముక్క ఎక్కడ కొయ్యాలో కాగితం లేకుండా చెప్తాడట. మేము వెళ్లి అడిగితే, "సి రానోడికి కంప్యూటర్లు ఎందుకన్నా" అన్నాడు.

ఆ మాట మాకు గుచ్చుకుంది. సి రాకపోతే కంప్యూటరే రాదని వాడికి ఎవరు చెప్పారు? అసలు మొదటి క్లాసులో సి ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు? ఈ ప్రశ్న పట్టుకుని పుస్తకాలు తిరగేస్తే తేలిన కథ ఇది.

మన దేశంలో కాలేజీ పిల్లలకి మొదట నేర్పిన ప్రోగ్రామింగ్ భాష సి కాదు, ఫోర్‌ట్రాన్. 1957లో ఐబీఎం కంపెనీలో జాన్ బాకస్ బృందం తయారుచేసింది. సైంటిస్టులు, ఇంజినీర్లు సూత్రాలు రాసుకున్నట్టే కంప్యూటర్‌కి రాసివ్వడం దాని ఉద్దేశం. 1963లో ఐఐటీ కాన్పూర్‌కి ఐబీఎం 1620 అనే మిషను వచ్చింది. ప్రోగ్రామును అట్టముక్కల మీద చిల్లులు పొడిచి లోపలికి పంపాలి. అక్కడ పాఠం చెప్పిన వి.రాజారామన్ గారు రాసిన ఫోర్‌ట్రాన్ పుస్తకాలతోనే దేశంలో ఒక తరం మొత్తం ప్రోగ్రామింగ్ నేర్చుకుంది. 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ మొదలై మన దేశంలోనే కంప్యూటర్లు తయారుచేసింది గానీ, ఆ మిషన్లు విజయవాడ డిగ్రీ పిల్లాడి చేతికి వచ్చేవి కావు. ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే ఏసీ గది, అద్దాల తలుపు, చెప్పులు బయట విప్పడం. చెప్పుల సంగతి మొన్నమొన్నటి దాకా మా ల్యాబుల్లోనూ నడిచింది.

మనవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన మనిషి ఇంకొకాయన ఉన్నాడు. జాన్ కెమెనీ. హంగరీలో పుట్టిన యూదుడు, చిన్నతనంలోనే కుటుంబంతో అమెరికా వచ్చేశాడు. డార్ట్‌మత్ కాలేజీలో లెక్కల ప్రొఫెసర్. ఆయన, థామస్ కర్ట్జ్ కలిసి 1964లో బేసిక్ అనే భాష చేశారు. వాళ్ల ఆలోచన చాలా సాదా. కంప్యూటర్ ఇంజినీర్లకే ఎందుకు? చరిత్ర చదివేవాడు, సాహిత్యం చదివేవాడు కూడా వాడగలగాలి. అందుకే మాటలు తక్కువ, నియమాలు తక్కువ. ఒకే మిషన్‌ని ఒకేసారి చాలామంది వాడుకునే ఏర్పాటు కూడా చేశారు. అట్టముక్కలు ఇచ్చి రేపటిదాకా ఎదురుచూడక్కర్లేదు, టైపు చేస్తే జవాబు అప్పుడే వస్తుంది.

ఇంతవరకు ఏ కంప్యూటర్ చరిత్ర పుస్తకంలోనైనా ఉంటుంది. తర్వాతి సంగతి అక్కడి ఆదివాసీల చరిత్ర చదివితేనే దొరుకుతుంది. డార్ట్‌మత్ కాలేజీని 1769లో పెట్టినప్పుడు దాని పట్టాలోనే అమెరికా ఆదివాసీ యువకులకు చదువు చెప్పడం ఒక లక్ష్యమని రాశారు. రాశారంతే. ఆ పేరు మీద చందాలు వచ్చాయి, కాలేజీ పెరిగింది. మొదటి రెండు వందల ఏళ్లలో అక్కడ పట్టా తీసుకున్న ఆదివాసీలు 20 మంది కూడా లేరు. 1970లో కెమెనీ ఆ కాలేజీకి ప్రెసిడెంట్ అయ్యాడు. అయిన మొదట్లోనే, ఈ కాలేజీ ఎవరి కోసం పెట్టారో వాళ్లని మళ్లీ తీసుకొస్తామని ప్రకటించి, ఆదివాసీ విద్యార్థుల కోసం ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టాడు. ఆడపిల్లలకి ఆ కాలేజీ తలుపు తెరిచిందీ ఆయన హయాంలోనే, 1972లో.

కొత్తవాళ్లు భయపడకుండా నేర్చుకోవాలని భాష తయారుచేసిన మనిషే, బయట ఉండిపోయినవాళ్లు లోపలికి రావాలని కాలేజీ తలుపు తీశాడు. ఇది చదివిన రోజు మా రూములో వాయిస్ మెసేజీలు ఆగిపోయాయి.

బేసిక్‌ని అందరూ మెచ్చుకోలేదు. డైక్‌స్ట్రా అనే డచ్చి పండితుడు 1975లో, బేసిక్‌తో మొదలుపెట్టిన పిల్లలు ఇక బాగుపడరన్నంత ఘాటుగా రాశాడు. ఎక్కడికంటే అక్కడికి గెంతే అలవాటు నేర్పుతుందని ఆయన కోపం. ఆ కోపం పూర్తిగా తప్పు కాదు. 1970లో స్విట్జర్లాండ్‌లో నిక్లాస్ విర్త్ చేసిన పాస్కల్ ఆ జబ్బుకి మందు. పద్ధతిగా ఆలోచించడం నేర్పడానికే పుట్టిన భాష అది. ఇరవై ఏళ్ల పాటు ప్రపంచంలో చాలా యూనివర్సిటీల్లో మొదటి భాష పాస్కలే.

మరి సి? అది పాఠం చెప్పడానికి పుట్టిందే కాదు. 1972 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ, యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ రాసుకోవడానికి చేసుకున్న పనిముట్టు. అప్పటికే ఏళ్ల తరబడి ప్రోగ్రాములు రాసి చెయ్యి తిరిగినవాళ్లు తమ కోసం తాము చేసుకున్నది. అందుకే అది నిన్ను ఏదీ అడగదు, దేనికీ ఆపదు. తప్పు చేస్తే తప్పునే నడిపిస్తుంది. పదునైన కత్తి పనివాడి చేతిలో ఉంటే మంచిదే, వద్దని మేమనం.

1978లో కెర్నిఘాన్, రిచీ కలిసి సి గురించి రాసిన పుస్తకం ఈ రోజుకీ ప్రామాణికం. దాని ముందుమాటలోనే ఒక సంగతి చెప్పారు. ఇది ప్రోగ్రామింగ్ మొదలుపెట్టేవాళ్ల పుస్తకం కాదు, లూపు, ఫంక్షను లాంటివి కొంత తెలిసినవాళ్ల కోసం రాసింది అని. కొత్తవాడు కూడా చదువుకుంటూ పోవచ్చు గానీ పక్కన బాగా తెలిసినవాడు ఒకడుంటే మేలు అని కూడా అన్నారు. ఈ రెండో మాట దగ్గర మేము ఆగిపోయాం. మన పిల్లాడికి పక్కన ఎవరున్నారు? హాస్టల్లో పక్క మంచం వాడికీ అదే మొదటిసారి. ఇంట్లో అన్న డిగ్రీ చదవలేదు. ట్యూషన్‌కి డబ్బుల్లేవు. ల్యాబులో ఒక మిషన్‌కి ముగ్గురు, కీబోర్డు ఎప్పుడూ ముందు కూర్చున్నవాడి చేతిలోనే. పుస్తకం రాసినవాళ్లే ఉండాలని చెప్పిన ఆ పక్కవాడు లేకుండా, సిని మాత్రం తెచ్చి మన పిల్లల మీద వేశారు.

ఎలా వచ్చింది మరి? దీనికి ఒక్క కారణం లేదు. ఒక్క కమిటీ కూర్చుని తీర్మానం చేసింది కూడా కాదు.

1977లో కానూరులో సిద్ధార్థ ఇంజినీరింగ్ కాలేజీ పెట్టారు. రాష్ట్రంలో తొలినాటి ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల్లో అది ఒకటి. 1980లు, 90ల్లో చిన్న కంప్యూటర్లు చౌకయ్యాక బెజవాడలో ప్రతి సెంటర్లోనూ కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ బోర్డులు లేచాయి. డాస్, వర్డ్‌స్టార్, లోటస్, డీబేస్, బేసిక్, కోబాల్ అని బోర్డు మీద రాసేవాళ్లని మా సీనియర్ అన్నలు చెప్తారు. 2000 సంవత్సరం దగ్గరపడ్డప్పుడు తేదీల గొడవ వచ్చి, పాత కోబాల్ ప్రోగ్రాములు సరిచేసే పని మనవాళ్లని అమెరికా పంపింది. మనవాళ్లంటే మనం కాదు లెండి, కోస్తాలో పొలాలున్నవాళ్లు. ఆ పని అయిపోయాక ఉద్యోగం ఇచ్చేవాళ్లు ఇంటర్వ్యూలో సి అడిగారు, సి ప్లస్ ప్లస్ అడిగారు. ఇంటర్వ్యూలో అడిగేది ఇన్‌స్టిట్యూట్ బోర్డు మీదికెక్కింది, బోర్డు మీద ఉన్నది సిలబస్‌లోకెక్కింది.

ఇంకో కారణం టర్బో సి. బోర్లాండ్ కంపెనీ 1987లో తెచ్చింది. చిన్న ఫ్లాపీల్లో వచ్చేది, తక్కువ మెమరీ ఉన్న మిషన్లో కూడా నడిచేది. ఆ నీలం తెర మన కాలేజీ ల్యాబుల గోడరంగు లాగా అయిపోయింది. దానికి తోడు పుస్తకాలు. నాగపూర్ యశవంత్ కనేట్కర్ గారి ‘లెట్ అజ్ సి’, బాలగురుస్వామి గారి ‘ప్రోగ్రామింగ్ ఇన్ ఆన్సి సి’. ఏలూరు రోడ్డు మీద పాత పుస్తకాల కొట్ల దగ్గర ఎప్పుడు అడిగినా ఈ రెండూ ఉంటాయి. పేజీల్లో పెన్సిల్ గీతలతో, మొదటి పేజీలో ముగ్గురి పేర్లు కొట్టేసి. మా రూములో ఉన్న కనేట్కర్ మీద అయిదు పేర్లున్నాయి. ఆ పుస్తకాలని మేము తక్కువ చెయ్యం, ఓపికగా చెప్పిన పుస్తకాలవి. కానీ లెక్చరర్ చదివింది అదే, పేపర్ దిద్దే ఎగ్జామినర్ చదివింది అదే, జూనియర్‌కి సీనియర్ ఇచ్చే రికార్డూ అదే. ప్రైమ్ నంబరు, పాలిండ్రోమ్, ఆర్మ్‌స్ట్రాంగ్ నంబరు. 153లో అంకెల ఘనాలు కలిపితే 153 వస్తుంది, సంతోషం. ఆ ఆర్మ్‌స్ట్రాంగ్ నంబరు ల్యాబు బయట ఎవరికైనా పనికొచ్చిన సందర్భం మాకు ఇప్పటిదాకా కనపడలేదు.

కాగితం మీద చూస్తే, 2018లో ఏఐసీటీఈ ఇచ్చిన నమూనా సిలబస్‌లో బీటెక్ మొదటి ఏడాదికి ‘ప్రోగ్రామింగ్ ఫర్ ప్రాబ్లమ్ సాల్వింగ్’ పెట్టారు. పేరు సమస్య పరిష్కారం, చేతికిచ్చేది ఎక్కువ చోట్ల సి. మన రాష్ట్ర ఉన్నత విద్యామండలి 2020-21లో డిగ్రీ సిలబస్ మార్చినప్పుడు కంప్యూటర్ సైన్స్ మొదటి సెమిస్టర్ పేపర్ ‘ప్రాబ్లమ్ సాల్వింగ్ ఇన్ సి’. 2023-24లో సింగిల్ మేజర్ వచ్చాక సి రెండో సెమిస్టర్‌కి జరిగింది. జరిగిందే గానీ మొదటి భాష మాత్రం అదే.

ఇక్కడ మన పిల్లల మీద పడే దెబ్బ ఒకటుంది, ఎవరూ పట్టించుకోరు. మన ఇంటర్ ఎంపీసీలో కంప్యూటర్ సబ్జెక్టు లేదు. సీబీఎస్ఈ బడుల్లో పదకొండు, పన్నెండు తరగతుల్లో ఇప్పుడు పైథాన్ చెప్తున్నారు. అక్కడ చదివినవాడూ, ఆశ్రమ పాఠశాలలో చదివి గురుకులంలో ఇంటర్ చేసినవాడూ డిగ్రీలో ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ఒకడికి లూపు అంటే తెలుసు. రెండోవాడికి కీబోర్డు మీద ఫ్లవర్ బ్రాకెట్ ఎక్కడుందో తెలియదు. సార్ బోర్డు మీద హ్యాష్ ఇంక్లూడ్ రాస్తారు, వాయిడ్ మెయిన్ రాస్తారు, క్లియర్ స్క్రీన్, గెట్‌సీహెచ్ రాస్తారు. ఇవన్నీ ఏంటి సార్ అంటే, ఇప్పటికి బట్టీ పట్టండి, ముందు ముందు తెలుస్తుంది అంటారు. ఆ "ముందు" వచ్చేలోపు మనవాడు వెళ్లిపోతాడు.

మా అందరికీ గుర్తుండిపోయిన సంఘటన ఒకటి చెప్తాం. ఒక ల్యాబులో టర్బో సి. అందులో మామూలు పూర్ణాంకానికి 16 బిట్లే చోటు. అంటే 32,767 దాటి పట్టదు. ఒక చెల్లి తన స్కాలర్‌షిప్ లెక్క వేద్దామని నెలకి 200 చొప్పున 200 మందికి ఎంత అని రాసింది. 200ని 200తో గుణిస్తే 40,000 రావాలి. తెర మీద మైనస్ 25,536 వచ్చింది. చెల్లి తనే తప్పు చేశాననుకుని మూడుసార్లు కొట్టింది, మూడుసార్లూ అదే. పక్క బెంచీ నుంచి ఒకడు, "గవర్నమెంటుకి మీరే బాకీ" అని నవ్వాడు. లెక్క తప్పడానికి కారణం చిన్నది. 40,000 లోంచి 65,536 తీసేస్తే వచ్చేదే ఆ అంకె. చిన్న గిన్నెలో పెద్ద కొలత పోస్తే పొర్లి అటువైపు నుంచి తిరిగొస్తుంది. ఎవరైనా అయిదు నిమిషాలు చెప్పి ఉంటే ఆ చెల్లికి కంప్యూటర్ లోపల ఏం జరుగుతుందో జన్మంతా గుర్తుండేది. ఎవరూ చెప్పలేదు. తనకి లెక్కలు రావేమో అని ఆ రోజు రాత్రి మాకు ఫోన్ చేసింది.

ఆ టర్బో సి ఇప్పటి విండోస్ మీద నేరుగా నడవదు కూడా. 16 బిట్ల కాలం నాటి సరుకు కాబట్టి డాస్‌బాక్స్ అనే ఇంకో డబ్బా పెట్టి, అందులో పాత కాలాన్ని సృష్టించి నడుపుతారు. 1987 నాటి తెర చూపించడానికి కొత్త మిషన్‌కి వేషం వెయ్యడం అన్నమాట.

ఇక భాష సంగతికి వద్దాం, మన గ్రూపులో దీని గురించే ఎక్కువ మాట్లాడుకోవాలి. తండా పిల్లకి ఇంట్లో గోర్ బోలి. బడిలో తెలుగు. 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం. ఆపైన సి. ప్రోగ్రామింగ్ నాలుగో భాష అవుతుంది, ఫెయిలైతే మాత్రం తెలివి తక్కువ అంటారు. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పంతులుగా ఉన్నప్పుడు ఇదే చూశారు. సవర పిల్లలకి తెలియని భాషలో చదువు చెప్తే తలకెక్కదని ముందు తనే సవర నేర్చుకున్నారు. తెలుగు లిపిలో సవర వాచకాలు రాశారు, బడులు పెట్టారు, తర్వాత సవర వ్యాకరణం, నిఘంటువులు చేశారు. వాడుక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటం మాత్రమే ఆగస్టు 29న అందరూ తలుచుకుంటారు. సవరలతో చేసిన పని ఒక వాక్యంలో తేల్చేస్తారు.

ఇక్కడ పైథాన్ వైపువాళ్లకి ఒక మంచి వాదన దొరికింది. పైథాన్ 1991లో బయటికొచ్చింది. నెదర్లాండ్స్‌లో గీడో వాన్ రోసమ్ రాశాడు. అంతకుముందు ఆయన పనిచేసిన ఏబీసీ అనే భాష కొత్తవాళ్లకి నేర్పడానికే చేసింది. వాక్యాన్ని కొంచెం లోపలికి జరిపి రాయడం, ఫ్లవర్ బ్రాకెట్లు లేకపోవడం అక్కడి నుంచి వచ్చినవే. 2008లో వచ్చిన పైథాన్ 3లో ఇంకో వసతి ఉంది. పేర్లు మన లిపిలో పెట్టుకోవచ్చు. కూలి అని తెలుగులోనే రాసి దానికి 300 ఇస్తే పనిచేస్తుంది. మేము నమ్మలేదు, చేసి చూశాం. మొదటిరోజు ఒక యానాది తమ్ముడు పీతలు, రొయ్యలు అని రెండు పేర్లు పెట్టి కిలోల లెక్క కట్టాడు. ఫర్, వైల్ లాంటి మాటలు ఇంగ్లీషులోనే ఉంటాయి, నిజమే. అవి 35 మాటలు. పాత సి ప్రమాణంలో 32. ఆ మాత్రం ఇంగ్లీషు ఎవరైనా నేర్చుకుంటారు. భయపెట్టేది ఆ మాటలు కాదు, చుట్టూ ఉన్న వాయిడ్లూ హ్యాష్‌లూ.

అక్షరాల లెక్క కూడా చూపించాం. అమ్మ అని రాసి పొడవెంత అని పైథాన్‌ని అడిగితే 4 అంటుంది. కంటికి రెండే అక్షరాలు. అ ఒకటి, మ ఒకటి, పొల్లు గుర్తు ఒకటి, మళ్లీ మ ఒకటి. అదే మాటని యూటీఎఫ్-8లో పెట్టి సిలో పొడవు అడిగితే 12 అంటుంది, ఎందుకంటే సి అక్షరాలు లెక్కపెట్టదు, బైట్లు లెక్కపెడుతుంది. తెలుగు గుర్తు ఒక్కొక్కదానికి 3 బైట్లు. ఇది చూశాక ఒక కోయ తమ్ముడు, అన్నా మన గోండి లిపికి కూడా ఇలా నంబర్లున్నాయా అని అడిగాడు. ఉన్నాయి. సవరల సోరాంగ్ సోంపేంగ్ లిపి 2012లో, మసారం గోండి 2017లో, గుంజాల గోండి 2018లో యూనికోడ్‌లో చేరాయి. గుంజాల మన ఆదిలాబాద్ ఊరే. ఈ ప్రశ్న ఆర్మ్‌స్ట్రాంగ్ నంబరు చెప్తే వచ్చేది కాదు.

బయట ప్రపంచం కూడా ఇటే జరిగింది. అమెరికాలో ఎంఐటీలో స్కీమ్ అనే భాషతో ఏళ్ల తరబడి చెప్పిన పేరుమోసిన మొదటి కోర్సుని తీసేసి 2000ల చివర్లో పైథాన్‌కి మారారు. 2014లో ఫిలిప్ గువో అనే ఆయన అక్కడి పెద్ద యూనివర్సిటీల మొదటి కోర్సులు లెక్కేస్తే 39లో 27 చోట్ల పైథాన్ ఉంది. మన దేశంలో ఐఐటీ మద్రాసు 2020లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ డిగ్రీలో మొదట ఏ భాషా లేకుండా కాగితపు చీటీలతో ఆలోచించడం నేర్పి, ఆ తర్వాత పైథాన్ చెప్తారు. చీటీల పద్ధతి మాకు చాలా నచ్చింది. కరెంటు అక్కర్లేదు.

అయితే సి వైపున్న అక్క మాట వినకపోతే అన్యాయం. అక్క హైదరాబాద్‌లో చిప్‌లకి ప్రోగ్రాములు రాసే పనిలో ఉంది. అక్క అన్నది ఇది: "మీరు పైథాన్‌తో నవ్వించి పంపిస్తారు. పరీక్ష సిలోనే కదా ఉంటుంది? మొదటి బ్యాక్‌లాగ్ మనవాడికే వస్తుంది. పెద్దింటి పిల్లాడికి బ్యాక్‌లాగ్ అంటే ఇంకో ఫీజు, మనవాడికి ఇంటికి బస్సు." ఇంకో మాట కూడా అంది. మెమరీ అంటే ఏంటో, అడ్రస్ అంటే ఏంటో తెలియనివాడు ఎప్పుడూ పైపైన పనులే చేస్తాడు, లోపలి పనులు మళ్లీ వాళ్లకే మిగిలిపోతాయి, మన పిల్లలు లోపలిదాకా ఎందుకు వెళ్లకూడదు అని. దానికి మా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే అది నిజం. మనల్ని ఎప్పుడూ పైపై పనులకే ఉంచారు. మన ఎరుకల తాతల పేర్లు ప్రభుత్వ రికార్డుల్లోకి ఎక్కింది నేరస్థ తెగల చట్టం కింద, వేలిముద్రలతో. స్టువర్టుపురం సెటిల్మెంట్లో హాజరు పిలిచేవాళ్లు. ఆ చట్టం దేశమంతటా పోయేసరికి 1952 వచ్చింది. రిజిస్టర్లో పేరుగా ఉండటం మనకి కొత్త కాదు, రిజిస్టర్ తయారుచెయ్యడం కొత్త.

పైథాన్‌లోనూ గోతులున్నాయి, దాచం. కీబోర్డు మీంచి తీసుకున్నదంతా అది అక్షరాలుగానే చూస్తుంది. అమ్మ కూలి 300, నాన్న కూలి 400 ఇచ్చి కలపమంటే 300400 చూపించింది. ఒక్కరోజులో మూడు లక్షలు! అందరం పడీపడీ నవ్వాం. మైనస్ 25,536 రోజున ఏడ్చిన చెల్లి కూడా ఉంది అక్కడ. ఈసారి తనే లేచి, అంకెగా మార్చమని చెప్పలేదు కదా అన్నా, అంది. పాత పుస్తకాల కొట్లో కొన్న ఇంకో తమ్ముడి పైథాన్ పుస్తకం పైథాన్ 2ది. అందులో ప్రింట్‌కి బ్రాకెట్లు ఉండవు, కొత్తదాంట్లో లేకపోతే నడవదు. నూట ఇరవై పెట్టి కొన్నానన్నా అని లబోదిబోమన్నాడు. కొనేముందు ప్రింట్ పక్కన బ్రాకెట్ ఉందో లేదో చూసుకోండి.

చివరికి తేల్చుకున్నది చెప్తాం. మొదటి రెండు రోజులు చీటీలు, కంప్యూటర్ ఉండదు. తర్వాత పది రోజులు పైథాన్, అది ఫోన్లో కూడా నడుస్తుంది కాబట్టి ల్యాప్‌టాప్ లేనివాడు వెనకబడడు. మిగిలిన ఎనిమిది రోజులు సి, అక్క చెప్తుంది. టర్బో సి కాదు, లైనెక్స్ మీద జీసీసీతో. పైథాన్‌లో చేసిన అవే లెక్కలు సిలో మళ్లీ చేస్తాం, ఎక్కడ తేడా వస్తుందో చూస్తూ. మైనస్ 25,536 మొదటి రోజే కావాలని తెప్పించి చూపిస్తాం. దానికి 16 బిట్ల రకం వాడితే చాలు. పాత రికార్డు ప్రోగ్రాములు చివరి రెండు రోజులు, పరీక్ష కోసం. ఇందులో ఎవరికీ పూర్తిగా సంతోషం లేదు. ఎనిమిది రోజుల్లో పాయింటర్లు ఎక్కవని అక్క ఇప్పటికీ అంటోంది. చీటీలతో రెండు రోజులు వృథా అని కొందరు తమ్ముళ్లు అంటున్నారు. చూద్దాం.

అన్నిటికంటే గట్టిగా పట్టుకున్న నియమం ఒకటే. ముగ్గురు కొత్తవాళ్లకి ఒక పాతవాడు పక్కన కూర్చోవాలి. కీబోర్డు ముట్టుకోకూడదు, నోటితోనే చెప్పాలి. అడిగిన ఏ ప్రశ్నకీ తర్వాత తెలుస్తుంది అనకూడదు.

దానికి మనుషులు చాలడం లేదు. విజయవాడలో ఉన్న సెకండియర్, ఫైనలియర్ వాళ్లు సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా రాగలిగితే కామెంట్లో చెప్పండి. సి ఫెయిలైనవాళ్లు ముందు రండి, ఎక్కడ అర్థం కాలేదో మీకే బాగా తెలుసు. పని చేసే పాత ల్యాప్‌టాప్ ఎవరి దగ్గరైనా పడి ఉంటే అదీ కావాలి, బ్యాటరీ పోయినా ఫర్వాలేదు, ప్లగ్గులున్నాయి. ఆటోనగర్ తమ్ముడికి కూడా ఫోన్ చేశాం. సి చెప్పేటప్పుడు రానన్నాడు. చీటీల రోజు ఆదివారం పడుతుంది, షెడ్డుకి సెలవు, వస్తానన్నాడు.